గడపకు పెట్టిన బొట్టు

నంద్యాలలో పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. డెలిబరేట్లీ అనే మాట వచ్చినప్పుడు బల్ల మీది నీళ్ల గ్లాసు చూపిస్తాను. చెయ్యి తగిలి గ్లాసు పడితే ఆ మాట వాడకూడదు. పడుతుందని తెలిసి, పడాలనే తోస్తేనే వాడాలి. పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఆ తేడా మా అమ్మ తలకే ఎక్కించలేకపోయాను. ఆమె లెక్కలో లోకమంతా అన్నీ కావాలనే చేస్తుంది.

ఆళ్లగడ్డలో ఉండే పెద్దమ్మ, అమ్మకు సొంత అక్క. కిందటేడు తన కొడుకు పెళ్లికి ఆమె వచ్చి అమ్మకు బొట్టు పెట్టి పిలవలేదు. ఫోన్‌కు కార్డు మాత్రం వచ్చింది. మా వాళ్లలో బొట్టు పెట్టకపోతే పిలవనట్టే.

"ఫోన్లో బొమ్మ పంపిస్తే పిల్చినట్లా? కావాలనే చేసింది," అంది అమ్మ. తను పోలేదు, నన్నూ పోనివ్వలేదు. ఒక్కసారి ఫోన్ చేసి అడగమంటే, లోకువైపోతానంది. అటునుంచీ ఫోన్ రాలేదు. ఒక్క కడుపున పుట్టినవాళ్లు, పంతంలో ఎవరికెవరు తీసిపోతారు?

ఈ ఏడు పెద్దమ్మ గుండె ఆగి పోయింది. పెళ్లికి పిలుపు కావాలి గానీ చావుకు అక్కర్లేదు కదమ్మా అని బతిమాలాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఒక్కదాన్నే బస్సెక్కాను.

అక్కడ పెద్దమ్మ కూతురు నన్ను పట్టుకుని ఏడ్చింది. "ఇప్పుడొచ్చినావా? మీరు పెండ్లికి కావాలనే రాలేదని మా యమ్మ ఎంత కుమిలిందో. మొదటి పిలుపు చెల్లెలికేనని నన్ను ఎంటబెట్టుకోని మీ ఇంటికే వచ్చింది. బీగమేసుండె. గడపకు బొట్టు పెట్టి వచ్చినాము."

ఇంట్లో ఎవరూ లేకపోతే గడపకు బొట్టు పెట్టి పోవడం మాలో ఉన్నదే. అలా పెడితే పిలుపు అందినట్టే. ఆ పెళ్లి పిలుపుల రోజుల్లో మేము కొలిమిగుండ్లలో అత్త ఇంటికి పోయి, ఒక శుక్రవారం తెల్లారకముందే తిరిగొచ్చాం. సంచి దించగానే అమ్మ ఆ చీకట్లోనే గడప కడిగి, పసుపు పూసి, దానికి తన బొట్లు తను పెట్టుకుంది. ఆళ్లగడ్డ నుంచి తిరిగొచ్చే దారి పొడవునా బస్సులో అదే గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

చావింటి నుంచి వచ్చిన మనిషి స్నానం చేయకుండా లోపలికి రాకూడదని అమ్మ వాకిట్లో నీళ్లు తోడిపెట్టింది. గడపకు అటు ఆమె, ఇటు నేను.

"పోయేముందు నన్నేమన్నా అనిందంటనా?" అని అడిగింది.

విన్నదంతా చెప్పాను. అమ్మ తల వంచి గడపను చూసింది.

"అయితే అక్క పెట్టిన బొట్టును నా చేత్తో నేనే కడిగేసినా."

"కావాలని కాదు కదమ్మా," అన్నాను.

"కాకుంటే మాత్రం మా యక్క లేసొస్తాదా?"

అక్కడే కూలబడింది. తోడిపెట్టిన నీళ్లు పక్కనే ఉన్నాయి. స్నానం చేయలేదని తెలిసే, గడప దాటి పోయి అమ్మను పట్టుకున్నాను.