క్వారీ నీళ్ల అడుగున లారీ

నీళ్ల అడుగుకి దిగడం నా ఉద్యోగం. విశాఖలో నేనూ మా ఆయనా స్కూబా డైవింగ్ నేర్పిస్తాం. సముద్రంలో మునిగిన పడవల్లోకి వెళ్లాను, మనుషుల శవాలు వెతకడానికీ దిగాను. ఎక్కడా ఏ దయ్యమూ నన్ను పలకరించలేదు. అలాంటి మాటలు ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. ఇది రాస్తున్నానంటే దయ్యాల మీద నమ్మకం కుదిరి కాదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మా పుట్టిల్లు ఆగిరిపల్లి దగ్గర. మా పెదనాన్నగారి అబ్బాయి శ్రీను అన్నయ్య మామిడి తోట పక్కనే మూతపడిన రాళ్ల క్వారీ ఉంది. చిన్న చెరువంత నీరు, బాగా లోతు. బోర్లు ఎండిపోయిన వేసవిలో ఆ నీళ్లే తోటకి దిక్కు. అడుగున ఒక పాత లారీ పడి ఉంది. నీరు తగ్గేకొద్దీ మోటారు పైపు దానికి చిక్కుకుంటోంది. పిందెలోనే కాయ రాలిపోతోందని అన్నయ్య ఫోన్ చేశాడు.

"క్రేన్ పిలిపిస్తాను. దానికి కొక్కెం తగిలించేవాళ్లే లేరమ్మా. మీరిద్దరూ ఒకసారి రండి" అన్నాడు.

మాకు అది పెద్ద పనిగా అనిపించలేదు. సామాను కార్లో వేసుకుని వచ్చాం. పొద్దున్న ఎండ బాగా వచ్చాక దిగాం. అప్పటికి క్రేన్ ఇంకా రాలేదు. మోటారు కూడా ఆపించాం. ఈ విషయం ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

పైన నీరు ఆకుపచ్చగా, తేటగా ఉంది. కిందకి వెళ్లేకొద్దీ చల్లబడింది. లారీ నిటారుగానే ఉంది, కాస్త ఒరిగి, చక్రాలు బురదలో దిగబడి. దాన్ని చూడగానే నాకు సరదా వేసింది. మా ఆయన ముందు వైపు చూస్తానని సైగ చేసి వెళ్లారు. నేను వెనక చాసిస్ దగ్గర ఇనప తాడు ఎక్కడ వెయ్యాలో చూస్తున్నాను.

ఉన్నట్టుండి ముందు నుంచి ఒండ్రు లేచింది. క్షణాల్లో నా చెయ్యి నాకే కనపడలేదు. టార్చి వేస్తే ఎదురుగా గోధుమరంగు గోడ, అంతే.

మా పద్ధతి ప్రకారం జోడీ తప్పిపోతే కాసేపు చూసి ఇద్దరూ పైకి వచ్చెయ్యాలి. ఆయన పైకే వెళ్లి ఉంటారనుకున్నాను. నేనూ లేవబోతున్నాను.

అప్పుడు వినిపించింది. ఇనుము మీద ఒక దెబ్బ. కాసేపాగి మళ్లీ ఒక్కటే. మళ్లీ ఆగి, ఇంకొకటి.

మేం ఒకరినొకరు పిలవాలంటే కత్తి పిడితో సిలిండర్ మీద కొడతాం. ఆయనే పిలుస్తున్నారనుకున్నాను. కానీ నీళ్లలో శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియదు, నాలుగు వైపుల నుంచీ వచ్చినట్టే ఉంటుంది. అందుకే లారీ బాడీ మీద అరచెయ్యి పెట్టాను. దెబ్బ పడ్డప్పుడల్లా రేకు అదురుతోంది. ముందుకి పోయేకొద్దీ ఆ అదురు పెరిగింది. క్యాబిన్ డోరు మీద చెయ్యి వేసేసరికి సరిగ్గా నా అరచేతి కిందే తగిలింది. డోరుకి లోపలి వైపు నుంచి.

చేతిని కిందకి జార్చాను. ముందు చక్రం దగ్గర ఆయన భుజం తగిలింది.

లారీ లోడు మీద పట్టా కట్టే పాత నైలాన్ తాడు ఆయన సిలిండర్‌కీ కుడి చేతికీ చుట్టుకుపోయి ఉంది. కత్తి జారిపోయింది. ఎడం చేత్తో నోట్లోని మౌత్‌పీస్ పట్టుకుని కదలకుండా ఉన్నారు. నేను తడిమి చూసుకున్న సంగతి ఇది, ఊహ కాదు. తాడు కోశాను. ఆయన సిలిండర్లో గాలి దాదాపు అయిపోయింది. నా సిలిండర్‌కే ఉన్న రెండో మౌత్‌పీస్ అందించి, పట్టుకుని నెమ్మదిగా పైకి తెచ్చాను.

గట్టు మీద ఆయన చాలాసేపు దగ్గారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నువ్వు అలా కొడుతూ ఉండబట్టి ఆగాను. లేకపోతే గింజుకుని ఎప్పుడో గాలి అవగొట్టుకునేవాణ్ణి" అన్నారు.

"నేనెక్కడ కొట్టానండీ? మీరు కదా కొట్టింది!"

ఆయన నా మొహం వంక చూశారు. తర్వాత తాడు ఒరిసి కమిలిన తన కుడి చెయ్యి చూసుకున్నారు.

రెండు రోజులాగి మళ్లీ దిగాం. భయపడి వదిలేసే రకం కాదు నేను. ఈసారి ఒకరి చెయ్యి ఒకరం వదలకుండా పని ముగించాం. ఏ శబ్దమూ లేదు. క్రేన్ లాగితే లారీ నీళ్లు కారుతూ పైకొచ్చింది.

నేను నేరుగా క్యాబిన్ దగ్గరికి వెళ్లాను. ముందు అద్దం ఎప్పుడో పోయింది. లోపల పైకప్పు దాకా ఒండ్రు కూరినట్టు గట్టిగా ఉంది. గునపంతో డోరు తెరిస్తే గోడలా నిలబడింది. అందులో చేప కదిలే చోటు కూడా లేదు.

లారీ తీస్తున్నారని తెలిసి, దాన్ని అప్పట్లో నడిపిన డ్రైవర్ విస్సన్నపేట నుంచి వచ్చాడు. పెద్దవాడైపోయాడు. ఇందులో ఎవరైనా పోయారా అని అడిగాను.

"లేదండీ. నేనొక్కణ్ణే ఉన్నాను. దూకేశాను" అన్నాడు.

నాకు వినిపించింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఒక్కొక్కటే కొట్టిందా అమ్మా?"

"ఒక్కొక్కటే."

"బండి రివర్స్ చేసేటప్పుడు వెనకున్నవాడు రెండు కొడితే రమ్మని, ఒకటి కొడితే ఆపమని అండీ. ఆ రోజు కొట్టేవాళ్లు ఎవరూ లేరు. అంచు నాకు కనపళ్లేదు" అని తడి డోరు వంక చూస్తూ నిలబడ్డాడు.

రాళ్లు జారి ఉంటాయని అన్నయ్య అన్నాడు. రాళ్లు అంత లెక్కగా పడవు. భయంలో భ్రమపడ్డామని స్నేహితులు అన్నారు. ఇద్దరికీ ఒకే భ్రమా? పోనీ నా చెవులు మోసం చేశాయనుకుందాం, నా అరచెయ్యి కూడానా?

అక్కడ చచ్చినవాళ్లే లేరు. దయ్యం అనుకుందామన్నా ఎవరి దయ్యం అనుకోను?

ఇప్పటికీ డైవింగ్ నేర్పిస్తూనే ఉన్నాం. కొత్తవాళ్లకి సైగలు నేర్పేటప్పుడు మా ఆయన ఒకటి అదనంగా చెబుతారు. ఒక్క దెబ్బ వినిపిస్తే ఉన్నచోటే ఆగాలని. ఇది ఎక్కడి పద్ధతి సార్ అని వాళ్లు అడుగుతుంటారు. ఆయన నా వంక చూస్తారు. నాకూ తెలియదు.