లొకేని తగ్గిన తీరు

సవాయి దీవి దక్షిణపు ఒడ్డున బస్సు నడిపే లొకేనికి యాభై ఆరేళ్ళు వచ్చాయి గానీ, ఊరి నడుమ సభ జరిగే పచ్చిక మీద నిలబడి ఒక్క ప్రసంగమూ చేయలేదు. చేయడం రాక కాదు. హక్కు లేకా కాదు. ఆయన మాటల పెద్ద. చేతికర్ర నేలకి ఆనించి, కొబ్బరి పీచు వింజామర భుజాన వేసుకుని, ఊరి తరఫున అతిథులతో మాట్లాడే బిరుదు ఆ ఇంటిది. తాత మాట్లాడాడు, తండ్రి మాట్లాడాడు. లొకేని దగ్గరికి వచ్చేసరికి మాట గొంతులోనే కాపురం పెట్టేసింది.

కారణం ఆచారం. అతిథులు వస్తే మాటల పెద్దలంతా లేచి నిలబడతారు. ఎవరు మాట్లాడాలో అక్కడే, అందరి ముందే వాదించుకోవాలి. అరుపులతో కాదు, పొగడ్తలతో. మీ తాత ఇంతటివాడు, మీ నోట తేనె కారుతుంది, అయినా ఈ పూటకి నాకు వదలండి, అనాలి. అవతలాయన కాదనాలి. ఒక్కొక్కరే తగ్గి కూర్చుంటే, చివరికి నిలబడ్డవాడిది ప్రసంగం. ఊరికి మాటల పెద్దలు ముగ్గురు. లొకేని బిరుదు మూడోది. అందరికన్నా పైన అపెరామో ఉన్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళు, పళ్ళు నాలుగు, గొంతు మాత్రం చర్చి గంట. పదకొండేళ్ళుగా లొకేని లేస్తున్నాడు, వాదిస్తున్నాడు, తగ్గుతున్నాడు.

తగ్గడంలో మాత్రం ఆయనకి సాటి లేరు. ఆయన తగ్గే ముక్క వినడానికే పై ఊళ్ళవాళ్ళు వచ్చేవారు. ఒకసారి ఆ నాలుగు మాటలకి అపెరామో కూడా మైమరచి, తాను గెలిచిన సంగతే మరిచి కూర్చున్నాడట. గంటసేపు పచ్చిక మీద నిలబడ్డవాడే లేడు. ఇంతలో ఓ పంది నడిమధ్యకి వచ్చి, రెండు వైపులా చూసి, గుర్రుమని ఏదో చెప్పి వెళ్ళిందట. అది ఏం చెప్పిందన్న దాని మీద ఊళ్ళో రెండు అభిప్రాయాలున్నాయి గానీ, వచ్చిందన్న దాని మీద లేవు.

"నీలా తగ్గేవాడు దీవిలోనే లేడయ్యా" అని ఎవరైనా భుజం తడితే లొకేని నవ్వేవాడు. ఆ రాత్రి అన్నం సయించేది కాదు.

రెండేళ్ళ కిందట, చర్చిలో పిల్లల పండగైన తెల్ల ఆదివారం ముందు, ఆయన మేనకోడలు సినీవా వాళ్ళింటి అరుగు మీద బడిపిల్లల్ని వరసగా నిలబెట్టి, చర్చిలో చెప్పాల్సిన పద్యాలు ఫోన్‌లో వీడియో తీస్తోంది. ఒక్కొక్కరికీ నిమిషంన్నర. తీయగానే వాళ్ళ చేతికే ఇచ్చి చూపించేది. "ఏం తప్పు కనబడింది? ఒక్కటే చెప్పు. అది దిద్దుకుని మళ్ళీ రా."

పిల్లలు వెళ్ళాక లొకేని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, ఇది పెద్దవాళ్ళకి పనిచేస్తుందా?"

"పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకుంటే చేస్తుంది మావయ్యా."

మర్నాటి నుంచి ఆయన బస్సు రెండో ట్రిప్పు అయ్యాక చేమతోటలోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అరటి బోదెకి ఫోన్ ఆనించి, గొడ్డలి కామని చేతికర్రగా పట్టుకుని నిలబడేవాడు. మొదటి వీడియో చూసుకుని సిగ్గుపడ్డాడు. పెద్దల పేర్లు ఎత్తినప్పుడల్లా ఎడమ చెయ్యి తొడ గోక్కుంటోంది. అది దిద్దడానికి మూడు వారాలు పట్టింది. తర్వాత చూపు నేల మీదికి జారుతోందని తెలిసింది, ఎవరో నాణెం పారేసుకున్నట్టు. అది పోయేసరికి గొంతు పట్టుబడింది. దేవుడికి దండం చెప్పే చోట కూడా "జరగండి, జరగండి, వెనక ఖాళీ ఉంది" అన్న బస్సు గొంతే వస్తోంది. నిమిషంన్నర, ఒక తప్పు. నిమిషంన్నర, ఇంకో తప్పు. రెండేళ్ళలో నాలుగు వందల పైచిలుకు వీడియోలు తీశాడు, ఒక్కటీ ఉంచలేదు. తోటలో ఉన్న మనిషి బాగానే మాట్లాడుతున్నాడు. కానీ అరటిచెట్లతో మాట్లాడుతున్న మనిషిలాగే ఉన్నాడు. మనుషుల ముందు నిలబడ్డ లొకేని ఎలా ఉంటాడో ఏ వీడియోలోనూ కనబడలేదు.

భార్య ఫియాసిలికి అనుమానం వచ్చింది. ఓ సాయంత్రం తట్టతో వెనకాలే వెళ్ళింది.

"ఎవరితోనయ్యా మాట్లాడుతున్నావు?"

"అతిథులతో."

ఆమె చేమ ఆకుల వంక చూసింది. "వీళ్ళకి భోజనం కూడా నేనే వండాలా?"

అంది గానీ, తట్ట బోర్లించి దాని మీద కూర్చుని చివరిదాకా వింది. ఆ తర్వాత ఏనాడూ దాని గురించి వేళాకోళం చేయలేదు.

ఈ ఏడు ఎండాకాలంలో బడికి కొత్త పైకప్పు వేశారు. దాని ప్రతిష్ఠకి సముద్రం దాటి ఉపోలు దీవి నుంచి అరవై మంది అతిథులు వస్తారని కబురు. రెండో మాటల పెద్ద కంటి ఆపరేషన్‌కి ఆపియా పట్నం వెళ్ళి ఉన్నాడు. వారం ముందు అపెరామో లొకేనిని పిలిపించి, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ చెప్పాడు.

"అబ్బాయ్, ఈసారి నాకు ఓపిక లేదు. ఎండలో అరగంట నిలబడితే నన్ను దుప్పటిలో మోసుకురావాలి. నీకు వదిలేస్తాను."

లొకేని నూనె సీసాకి మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

"ఇప్పుడే నోరు పడిపోతే ఎట్లా? విను. నేను వదలగానే ఎగిరి గంతేయకు, ఊరు నవ్వుతుంది. మర్యాదకి ఒక్కసారి కాదను. రెండోసారి నేను మళ్ళీ వదులుతాను. అప్పుడు ఒప్పుకో."

"ఒక్కసారేనా పెద్దయ్యా?"

"ఒక్కసారే. రెండు ముక్కల్లో."

ఆ వారం బస్సు ఎక్కినవాళ్ళంతా తాము దిగాల్సిన చోటు ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

శనివారం పొద్దున అతిథులు పచ్చికకి అవతలి పక్క ఇంట్లో కూర్చున్నారు. ఇవతల ఊరు ఊరంతా ఉంది. పందులు రాళ్ళ పొయ్యిలో ఉన్నాయి. అపెరామో కర్ర మీద ఆనుకుని లేచాడు. లొకేని లేచాడు. ఇద్దరే నిలబడ్డారు.

ముసలాయన మాట నిలబెట్టుకున్నాడు. లొకేని వాళ్ళ తాతని తలిచాడు, తండ్రిని తలిచాడు. "నా వంతు చాలా కాలం తిన్నాను. ఈ పూట మాట నీది, నువ్వే నిలబడు" అన్నాడు. అవతలి ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆడవాళ్ళ వైపు ఫియాసిలి బట్ట అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ప్రసంగం మొదటి వాక్యం లొకేని నాలుక చివర వచ్చి నిలబడింది.

కాదనాలి. రెండు ముక్కల్లో.

"పెద్దయ్యా, మీ పడవ ఇసుక తాకాకే మా పడవలు తాకాలి" అన్నాడు. అక్కడికి ఒక ముక్క అయింది. రెండోది చెప్పి ఆగిపోవాల్సింది. కానీ ముసలాయన మోకాళ్ళు వణుకుతూ ఉండటం, ఆ వణుకు కనబడకుండా కర్రని రెండు చేతులా పట్టుకోవడం ఆయన కంటపడింది. పదకొండేళ్ళు ఆ గొంతు కిందే కూర్చున్నాడు. ప్రసంగమంటే ఏమిటో ఆ గొంతులోనే నేర్చాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు. ఏ తుఫాను తర్వాత అపెరామో ఏ మాటతో ఊరిని నిలబెట్టాడో చెప్పాడు. ఎవరి చావుకి ఏ మాటతో ఎవరిని ఏడవనిచ్చాడో చెప్పాడు. చివరికి, "దాహం తీర్చేది లేత కొబ్బరికాయే పెద్దయ్యా, కాదనను. కానీ కొత్త చెట్టు మొలిచేది ముదురుకాయలోంచే. ఈ రోజు బడికి కప్పు వేశాం. పిల్లలకి చెట్టు కావాలి" అన్నాడు.

తర్వాత రెండు వైపుల నుంచీ "మాలో, మాలో" అని మెచ్చుకోలు లేచింది. అతిథుల పెద్ద ఎతువాలే అయితే నేలని అరచేత్తో కొట్టాడు. అపెరామో రెండోసారి వదులుదామని నోరు తెరిచాడు. ఆ మాటల తర్వాత వదిలితే వాటిని కాళ్ళ కింద వేసి తొక్కినట్టే. లొకేని వంక చూశాడు. ఆ చూపులో కోపముంది, క్షమాపణ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

లొకేని కూర్చున్నాడు.

ముసలాయన నలభై నిమిషాలు మాట్లాడాడు. మోకాళ్ళు సహకరించాయి.

భోజనాల దగ్గర అపెరామో ఆయన పక్కన చతికిలబడి, "నీతో రెండు ముక్కలన్నాను కదరా గాడిదా" అన్నాడు మెల్లగా.

"రెండోది కొంచెం పొడుగైంది పెద్దయ్యా."

ముసలాయన తన ఆకులోని పంది వీపు ముక్క తీసి ఆయన ఆకులో వేశాడు.

సాయంత్రం సినీవా ఫోన్ తెచ్చింది. "మావయ్యా, తీశాను. మూడు నిమిషాల పది సెకన్లు." ఫియాసిలి కూడా వచ్చి భుజం మీదుగా చూసింది. తెర మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. చెయ్యి కదలట్లేదు. చూపు ఎదుటి మనిషి మీదే ఉంది. గొంతులో బస్సు లేదు. లొకేని రెండుసార్లు చూశాడు.

"తప్పు ఏం కనబడింది?" అంది సినీవా, అలవాటు కొద్దీ.

"ఏమీ లేదు" అన్నాడాయన. అది మెప్పులా వినిపించలేదు.

"మరి నిజంగానే నీకు ప్రసంగం అక్కర్లేదా ఏమయ్యా?" అంది ఫియాసిలి. జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకి తెలుసు.

సోమవారం అతిథుల్ని సలెలోలోగా రేవులో దింపేది లొకేని బస్సే. నలభై సీట్లలో అరవై మంది, ఒకరి ఒళ్ళో ఒకరు. వెనక సీట్లో పిల్లలు పాటలు పాడుతున్నారు. ఎతువాలే డ్రైవరు వెనకే కూర్చుని, ఊళ్ళన్నీ దాటేదాకా ఊరుకుని, అప్పుడు ముందుకి వంగాడు.

"లొకేనీ, నేను మీకు జవాబు ప్రసంగం కట్టుకుని వచ్చాను. మీరే నిలబడతారని మాకు కబురు వచ్చింది. మీ తాత పేరుతో మొదలుపెట్టాను. అపెరామో గారికి అది పనికిరాలేదు. వేరేది చెప్పాను."

"బాగుందండీ అది."

"అది పాతది. కొత్తది నా దగ్గరే ఉండిపోయింది." ఆయన సీటు అంచుకి జరిగాడు. "మీరు ఏం చెబుదామనుకున్నారు?"

లొకేని అద్దంలోంచి ఆయన్ని చూశాడు. పచ్చిక మీద చెప్పాల్సినదాన్ని స్టీరింగ్ దగ్గర చెప్పడమేమిటి. "రోడ్డు బాగాలేదండీ, గుంతలు" అన్నాడు.

రేవులో అందరూ దిగారు. చెంపకి చెంప ఆనించారు. పడవ కదిలి, దాని మీది మనుషులు చుక్కలయ్యేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. తర్వాత ఖాళీ బస్సు ఎక్కాడు.

రేవు మలుపు దాటాక మొదటి వాక్యం వచ్చింది. ఆపలేదు. దేవుడికి దండం అయింది, ఆవా పానీయపు మర్యాద అయింది, అతిథుల బిరుదులు ఒక్కటీ తప్పకుండా వచ్చాయి. నిమిషంన్నర ఎప్పుడో దాటిపోయింది. గొంతు బస్సంతా నిండి, అద్దాల్లేని కిటికీల్లోంచి సముద్రం వైపు పోయింది. చనిపోయిన పెద్దల్ని పిలిచే చోటికి వచ్చేసరికి రోడ్డు పక్కన చేమదుంపల తట్టతో ఒకావిడ చెయ్యెత్తింది. ఆ చోట ఆగకూడదు. పిలిచినవాళ్ళని సగంలో నిలబెట్టకూడదు. ఆయన ఆవిడకి తల వంచి, ఎంతో మర్యాదగా, ఆగకుండా వెళ్ళిపోయాడు.

వాళ్ళ ఊరు వచ్చింది, వాళ్ళ ఇల్లు వచ్చింది. అరుగు మీద ఫియాసిలి లేచి నిలబడింది. వీడ్కోలు భాగం ఇంకా మిగిలే ఉంది. బస్సు ఇల్లు దాటి, పడమటికి వెళ్ళిపోయింది.