బాప్తిస్మం నాడు పెరిగిన వాగు

ఎండను ఎండకాలంలో, వానను వానకాలంలో పంపి, ఈ అడవి అంచున మమ్మల్ని బ్రతికిస్తున్న పరలోకపు తండ్రికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నేను మిగిలేదాన్ని కాను.

మణుగూరు నుంచి లోపలికి వెళ్లే దారిలో, వాగు ఒడ్డున రేకుల షెడ్డు మా ప్రార్థన మందిరం. ఆదివారాలు చాప మీద నా పక్కన కూర్చునే అక్క వాగు అవతలి గూడెం నుంచి వచ్చేది. చదువు రాదు. నేను బైబిల్లో వేలు పెట్టి చదువుతుంటే ఆ వేలి వెంటే చూసేది. మూడేళ్లు అలా వచ్చాక బాప్తిస్మం తీసుకుంటానంది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. చివరికి వాళ్ల మామ విసిగిపోయి, ఒక్కసారి పోయి మునిగి రా, మళ్లీ ఆ మాట ఎత్తకు అన్నాడట. ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పింది.

మాకు తొట్టి లేదు, పారే నీళ్లలోనే ముంచుతాం. అది బీడీల తునికాకు కోతలు అయిపోయిన ఎండాకాలం చివర. వాగులో మోకాలి లోతు కూడా లేదు. మగవాళ్లు పొద్దున్నే ఇసుక తోడి గుంట చేశారు. మనిషిని ముంచడానికి అదీ చాలలేదు. అప్పటికే మూడు రోజులుగా సంఘమంతా ఉపవాసముండి నీళ్ల కోసం ప్రార్థిస్తున్నాం.

ఆరాధన అయ్యాక తెల్లచీర కట్టుకుని అక్క గుంటలో దిగింది. పక్కన పాస్టరయ్య. మా మీద ఎండ కాస్తూనే ఉంది. ఎగువన గుట్టల వైపు మాత్రం నల్లగా కమ్మింది, ఎక్కడో ఉరుముతోంది. పాట ఎత్తుకున్నాం. రెండో చరణానికి నీళ్లు ఆమె నడుము దాకా వచ్చాయి. దేవుడు మా ప్రార్థన విన్నాడని చప్పట్లు కొట్టాం. నేనైతే ఏడ్చేసి, దగ్గరగా చూడాలని నీళ్లలోకి దిగాను.

పాస్టరయ్య ఆమె తల మీద చేయి పెట్టారు. ఆమె మాత్రం ఎగువకే చూస్తోంది. అటు నుంచి నురగ, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి.

"అయ్యా, నన్ను మల్ల ముంచుదురు గని, ముందుగాల ఒడ్డెక్కుండ్రి" అంది.

ఒక్క నిమిషం ఆగమ్మా అన్నారాయన.

"నిమిషం లేదయ్యా. పైన వాన దంచింది. గీ నీళ్లు నన్నొక్కదాన్నే ముంచి ఊకోవు."

ఒక చేత్తో ఆయన్ని, ఇంకో చేత్తో నా కొంగును పట్టి లాగింది. మేం ఒడ్డెక్కి వెనక్కి తిరిగేసరికి గుంట ఉన్నచోట ఎర్రనీళ్లు మనిషెత్తున పోతున్నాయి. అంతలో వాన మా మీదికీ వచ్చింది. ఇప్పచెట్టు కిందికి పరుగెత్తాం. పిడుగు పడుతుందని ఆమె అక్కడినుంచీ తరిమి, అందరినీ దగ్గరున్న బడి గదిలోకి తోలింది.

ఆ గదిలో తడిసిన తల తుడుచుకుంటూ నన్ను మెల్లగా అడిగింది.

"గీ వాన లెక్కకు రాదా చెల్లె?"

మునగాలక్కా అన్నాను. వాక్యం చదువుకున్నదాన్ని కదా, వెంటనే చెప్పేశాను. ఇంకాస్త మెత్తగా చెప్పాల్సింది. కాసేపు ఆమె చేయి పట్టుకుని ఉండాల్సింది.

నీళ్లు తగ్గాక ఆమె గూడేనికి వెళ్లింది. అక్కడ పెద్దలు, వాగే ఈమెను వద్దన్నదని తేల్చారట. మేం దీవెన అనుకున్నాం, వాళ్లు నిరాకరణ అనుకున్నారు. అది ఎగువన కురిసిన వాన అని ఆమె ఒక్కతే పోల్చుకుంది. ఆమె మాట వినేవాళ్లే లేకపోయారు. ఆ తర్వాత ఆమె మందిరానికి రాలేదు. ఒకసారి సంతలో కనబడితే ఎప్పుడొస్తావని అడిగాను.

"మామ ఒక్కసారే పొమ్మన్నడు గద. గా ఒక్కసారి అయిపాయె" అని, కూరగాయల సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు బాప్తిస్మం ఇచ్చే ముందు ఎగువ ఊళ్లకు ఫోన్ చేసి వాన సంగతి అడుగుతాం. ఉరుము వినబడితే, ఎండ కాస్తున్నా సరే, వాగులో కాలు పెట్టం. నీళ్ల రంగు మారితే పాట సగంలోనే ఆపి ఒడ్డెక్కుతాం. ఇదంతా ఆమె పుణ్యమే. ఎంతమందో క్షేమంగా మునిగి లేచారు. వాళ్లు లేచిన ప్రతిసారీ నా కళ్లు అవతలి ఒడ్డున వెతుకుతాయి. నా పక్కన ఆమె కూర్చుని ఎన్ని ఆదివారాలయిందో.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, ఒక్క క్షణం తలవంచి నాతో కలిసి అడగండి. తండ్రీ, మమ్మల్ని ఒడ్డుకు చేర్చిన ఆమెను నీ చేతిలో భద్రంగా ఉంచుము. ఆమె ఇంటివారి మనసు మెత్తన చేయుము. నీళ్లు తేటగా పారే ఒక ఆదివారం, మమ్మల్ని పలకరించి పోవడానికైనా, ఆమెను వాగు దాటి రానిమ్ము. ఆమేన్.