పిన్ని రాసిన ఒక్క పేజీ

పోయిన గురువారం పొద్దున ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది. మా పిన్ని ఇక లేదు. ఎనభై దాటినా దినపత్రికలో అచ్చుతప్పులకు సున్నాలు చుట్టే మనిషి. కళ్లద్దాలు పెట్టుకునే నిద్రలో వెళ్లిపోయిందట.

పంతొమ్మిదివందల అరవైల చివర ఆమె బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో చేరింది. ప్రోగ్రాములను అట్ట కార్డుల మీద రంధ్రాలుగా కొట్టి కంప్యూటర్‌లో నడిపించడం ఆమె పని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒక శాస్త్రవేత్త తన లెక్క వేగంగా నడవాలని ఒక ఆప్షన్, అంటే కంప్యూటర్‌కు ఇచ్చే అదనపు సూచన, అడిగి దానికి కార్డు కొట్టించుకున్నాడు. వేగం రవ్వంత కూడా పెరగలేదు. పిన్ని తప్పు కొట్టిందని ఫిర్యాదు చేశాడు.

కార్డు సరిగ్గానే ఉంది. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు వేగం పెంచే స్థాయిలు మూడు: సున్నా, ఒకటి, రెండు. ఏ ఆప్షన్ ఏ స్థాయిలో పనిచేస్తుందో మాన్యువల్‌లో ఒకేచోట రాసి లేదు. పిన్ని ఒకే ప్రోగ్రామును ప్రతి స్థాయిలోనూ ఆ ఆప్షన్ ఒకసారి ఇచ్చి, ఒకసారి ఇవ్వకుండా నడిపి చూసింది. సున్నాలో ఇచ్చినా పనిచేయదు. ఒకటిలో ఇస్తేనే పనిచేస్తుంది. రెండులో అడగకపోయినా దానంతటదే పనిచేస్తుంది. ఆయన నడిపించమన్నది సున్నాలో. మిగతా ఆప్షన్లనూ అలాగే పరీక్షించి పట్టిక గీసింది.

ఆ ఆదివారం పెనుకొండలో మా ఇంటికొచ్చి దాన్ని మా అమ్మకు చదివి వినిపించింది. హిందూపురం కాలేజీలో చదువుతున్న నేను పక్కనే ఉన్నాను. అమ్మ అంతా విని, “పని చెయ్యకుంటే ఆ మిషను చెప్పదేమే?” అంది.

“చెప్పదక్కా. గమ్మున వదిలేస్తాది.”

“మరి ఆ మాట యాడ రాసినావు?”

పిన్ని కాగితం వంక చూసి నవ్వేసింది. అప్పటికప్పుడు ఇంకో గడి గీసి రాసింది: ‘ఈ స్థాయిలో పనిచేయదు. పనిచేయలేదని చెప్పదు కూడా.’

ఆ పేజీ చూశాక శాస్త్రవేత్త ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఉద్యోగం ఖాయమైంది. “ఆయప్ప తప్పేముండాది? ఎవురూ రాసిపెట్టలేదు గదా” అనేది పిన్ని. ఎవరి మీదైనా కోపమొచ్చినప్పుడు ఆ మాట నన్ను చాలాసార్లు ఆపింది.

తర్వాత ఒకసారి నన్ను ఆ సంస్థకు తీసుకెళ్లింది. పేజీ గోడకు అంటించి ఉంది. కొత్తగా చేరిన ఒకమ్మాయి వరుస వెంట వేలు పోనిస్తూ చదువుతోంది. వేలు ‘పనిచేయదు’ అన్న గడి దగ్గర ఆగింది. తన కార్డుల కట్టలోంచి స్థాయి కొట్టి ఉన్న పై కార్డు తీసేసి, ఇంకొకటి కొట్టుకొచ్చి పెట్టుకుని, మిషను గదివైపు గబగబా నడిచింది.