కోత పండుగ పెట్టె

“...ఔ మరి, దాని మీద ‘కోత పండుగ, యేసుదానం కుటుంబం’ అని గింత గింత అక్షరాలు రాసిందెవరు? నేనా?”

“అది పోయినేడు రాసింది, జిప్పోరా! పెట్టె ఖాళీగ వాపసొస్తే నా క్యాసెట్లు పెట్టుకున్న.”

“పెట్టుకున్నోనివి మంచం కిందికి తొయ్యాలె గద. తలుపు కాడ బియ్యం పెట్టె పక్కన పెడితే చర్చి పోరగాళ్లకేం తెలుస్తది? రెండూ ఎత్తుకపోయిన్రు.”

సగం తప్పు యేసుదానందే. పండుగ కానుకలు తీసుకుపోయే రోజని మరిచి, పెట్టె బయటికి లాగి, బాగుచేసిన క్యాసెట్ ఒకటి అందులో వేసి, టీ తాగడానికి లేచిపోయాడు.

అబిడ్స్‌లో ఒక కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. ఆదివారం ఆరాధన ముగియగానే ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల వరుస వెంబడి నడుస్తాడు. ఆ వరుస చివర, మూసిన దుకాణం మెట్ల మీద, పరశురాం పాత చార్జర్లు, రిమోట్లు పరిచి కూర్చుంటాడు. వాటి అడుగున అప్పుడప్పుడు టీవీ గేమ్ క్యాసెట్ ఒకటి బయటపడుతుంది. నడిచేవాటి జోలికి యేసుదానం పోడు. వాటికి ధర ఎక్కువ.

“లోకమంత నడిచేది అడుగుతది, నువ్వొక్కనివే సచ్చింది అడుగుతవ్,” అంటాడు పరశురాం, టీ డబ్బులకే ఇచ్చేస్తూ.

ఇంటికొచ్చి మరలు విప్పి, లోపలి రాగి గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిస్తే చాలావరకు లేచి కూర్చుంటాయి. చిన్నప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఈ ఆటలు గంట కిరాయికి ఆడించే దుకాణం ఉండేది. యేసుదానం గుమ్మంలో నిలబడి చూసినవాడే గాని లోపల కూర్చున్నవాడు కాదు. ఇప్పుడా ఆటలన్నీ, బాతులను కాల్చే ప్లాస్టిక్ తుపాకితో సహా, ఆ పెట్టెలోనే ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే చర్చికి వెళ్ళి, పెట్టె తిరిగి ఇమ్మని పాస్టరు అయ్యగారిని అడిగాడు.

“నిన్ననే అన్నిటి మీద ప్రార్థన చేసేశాం దానం. ఇక అది ప్రభువు సొత్తు. కానుకల వేలంలో పాడుకో,” అన్నారాయన.

“వేలం వేసేదే నేను గదా అయ్యగారూ. వేసేటోడు పాడుకోవద్దు.”

“అయితే జిప్పోరమ్మ పాడుతుంది.”

ఆరాధన తర్వాత షామియానా కింద వేలం మొదలైంది. ఏటా యేసుదానం గొంతే. వాడిన సొరకాయను కూడా తోటలోంచి ఇప్పుడే కోసినట్టు పొగిడి అమ్ముతాడు. గుమ్మడికాయను రెట్టింపు ధరకు పాడుకున్న కొండమ్మ, “నీ నోరు చల్లగుండ, నా సంచి ఖాళీ చేసినవ్‌ కొడుకా!” అని అందరినీ నవ్వించింది.

తర్వాత ఆ పెట్టె వచ్చింది.

“పాత టీవీ గేమ్ సామాను,” అన్నాడు యేసుదానం. అంతకుమించి ఒక్క మాట పొగడలేదు.

“వంద,” అంది జిప్పోరా వెంటనే, ఆడవాళ్ల వరుసలోంచి.

ఎవరూ పలకలేదు. యేసుదానం “ఒకటోసారి” అన్నాడు. “రెండోసారి” అనబోతుండగా, మొబైల్ రిపేరు దుకాణం నడిపే ప్రవీణ్ కుమార్ వెనక నుంచి లేచి నిలబడ్డాడు.

“జర ఆగన్నా. గవి నడుస్తయా?”

జిప్పోరా భర్త వైపు చూసి, తల అడ్డంగా, కనబడీ కనబడనట్టు ఊపింది. తెలియదంటే చాలు, పెట్టె ఇంటికొస్తుంది. అయ్యగారు కుర్చీలోంచి ముందుకు వంగారు. యేసుదానం పెట్టెలోంచి తుపాకి తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, మైకు నోటి దగ్గరికి జరుపుకున్నాడు.

“అన్నీ నడుస్తయి తమ్మీ. ఒక్కొక్కటి నేనే నడిపించి చూసిన. గీ తుపాకి మాత్రం కొత్త టీవీల మీద పని చెయ్యది, పాత డబ్బా టీవీ కావాలె. పాడుకున్నోళ్ల ఇంటికి నా టీవీ గూడ నేనే తెచ్చిస్త. జిప్పోరమ్మ పాట వంద. ఆ పైన పాడుండ్రి.”