వెనక చక్రం పక్కన గుంత

ధర్మవరం బస్సులో ఫోన్‌లో ఒక ఫోటో చూస్తా కూర్చున్నాను. అరచేతిలో పట్టేంత రేసు కారు ఎత్తి పట్టుకోని నా స్నేహితుడు నవ్వుతాండాడు. చిన్న కార్లు గీసి, తయారుచేసే పోటీలో వానికి మొదటి బహుమతి. ఆ పోటీకి ముందు నేను నెల రోజులు కంప్యూటర్లో అట్లాంటి కారే గీసి, ఒకసారి చూడరా అని వానికి ఫైలు పంపినాను. ఇది నా కారే కదరా అని అడిగితే, "రేసు కార్లన్నీ ఒకే మాదిరే ఉంటాయి, నాది నేనే గీసుకుంటి" అన్నాడు. నమ్మాలనే ఉండింది నాకు.

పక్క సీటు పెద్దాయన పట్టుచీరల అంచులు కంప్యూటర్లో గీస్తాడంట. ఆయనకంతా చెప్పేసినాను.

"మేము ప్రతి అంచులో కావాలనే ఒక పోగు తప్పు గీస్తామప్పా. దొంగిలించినోడు ఆ తప్పుతో సహా నేసేస్తాడు. నీ కారులో తప్పేమన్నా ఉండాదా?"

ఉంది. వెనక చక్రం పక్కన పొరపాటున పడిన చిన్న గుంత. చెరపడం మర్చిపోయినాను. ఫోటో పెద్దది చేసి చూసినాను. గుంత అట్లే ఉంది.

ఆయన ఫోన్ తీసుకోని నా ఒళ్ళో బోర్లా పెట్టినాడు. దిగేటప్పుడు మాత్రం, "మా తమ్ముని మగ్గం మీద నా తప్పు కనపడిన దినం, చూడకుండా ఉండింటే బాగుండునే అనుకుంటి" అన్నాడు.

ఇప్పుడు నేను ఏది గీసినా అందులో ఒక తప్పు ఉంటుంది. ఎక్కడుందో ఎవరికీ చెప్పను. స్నేహితులకు అసలే చెప్పను.