మొలతాడులో ఒక ముడి

డ్యాము కడుతున్న రోజుల్లో, మాచర్ల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న, అడవిలో వేటాడి బతికే మనిషి మొలతాడు తడుముకుంటూ వణుకుతున్నాడు. జ్వరమా అని అడిగాను.

"కాదయ్యా. ఉచ్చు పెట్టినప్పుడల్లా మొలతాడుకి ఒక ముడేస్తాం, తీసేసినాక ఇప్పుతాం. డ్యాములో రాళ్ల పని దొరికిందని వేట మానేసి, ఉచ్చులన్నీ తీసేశాననుకున్నా. పొద్దున నీళ్లు పోసుకుంటుంటే ఈ ముడి చేతికి తగిలింది. ఒక ఉచ్చు అడవిలోనే ఉండిపోయింది. పందిని ఆపే తీగయ్యా అది. నా చిన్న కూతురు పుల్లలకి పోయేది ఆ దారినే."

నాకూ భయం వేసింది. "ఆ ముడి విప్పెయ్యరాదూ" అన్నాను.

"ఉచ్చు తియ్యకుండా ఎట్టా ఇప్పేదయ్యా."

కొండ మలుపులో బస్సు ఆపించి, దిగి అడవిలోకి పరుగెత్తాడు. కండక్టరు రైట్ అన్నాడు.

ఇప్పటికీ ఆ మలుపు రాగానే నా చెయ్యి నా మొలతాడు తడుముకుంటుంది.